నూట పదిహేను, మాన్యువల్

వీరభద్రం గారు లాగ్‌బుక్‌లో నొక్కి రాసేవారు. పేజీ తిప్పి వెనకవైపు వేలితో తడిమితే అంకెలు తగిలేవి.

కెనడాలోని గ్వెల్ఫ్‌లో ఒక ప్రభుత్వ కాలేజీలో ఆయన బిల్డింగ్ ఆపరేటర్. బాయిలర్లు, పంపులు, గదులకు వేడి పంపే గొట్టాలు ఆయన పని. షిఫ్టు మధ్యాహ్నం రెండింటి నుంచి రాత్రి పది దాకా. రెండు గంటలకోసారి భవనమంతా చూసి రాయాలని నియమం. మిగతా ముగ్గురు ఆపరేటర్లు స్క్రీన్ ముందు కూర్చుని చూసి రాసేవారు. ఆయన నడిచి చూసి రాసేవారు.

ఆ కాలేజీలో నేను 2021 సెప్టెంబరులో చేరాను. మన ఊళ్ల నుంచి విద్యార్థులు విమానాల నిండా దిగుతున్న కాలం అది. ఒక్క ఇంటి బేస్‌మెంట్‌లో ఎనిమిది మందిమి ఉండేవాళ్లం. క్యాంటీన్‌లో ఇంగ్లిషు కన్నా తెలుగు, పంజాబీ ఎక్కువ వినిపించేవి. ఇప్పుడు విద్యార్థుల పర్మిట్లు తగ్గించారు. కాలేజీ పాత వింగ్ వైపు వెళ్తే, మనుషుల్లేక నడవా పొడుగ్గా కనిపిస్తుంది. అప్పుడు పొడుగ్గా ఉండేది కాదు.

ఆయనది పాల్వంచ. తండ్రి థర్మల్ స్టేషన్‌లో బొగ్గు బెల్టు దగ్గర పనిచేశాడు. ఆయన ఐటీఐలో ఫిట్టర్ చదివి అక్కడే బాయిలర్ సెక్షన్‌లో చేరారు. కొమరయ్య అనే పెద్ద ఆపరేటర్ కింద పని నేర్చుకున్నారు. గేజీ చెప్పింది రాయి, ఆ తర్వాత గొట్టం మీద చెయ్యి పెట్టి చూసి అది కూడా రాయి, రెండూ ఒకటి కాకపోతే నన్ను పిలువు అనేవాడట కొమరయ్య. ఇరవై రెండేళ్లు ఆయన అలాగే రాశారు.

2003లో భార్య అన్నపూర్ణ గారితో, కూతురితో కెనడా వచ్చారు. బ్రాంప్టన్‌లో గోడౌన్ పని. పెట్టెలు ఎత్తడం, దించడం. బస్సులో వెళ్తూ వస్తూ ఇక్కడి బాయిలర్ పరీక్షకు చదివారు. మొదటిసారి తప్పారు. రెండోసారి కూడా తప్పారు. మూడోసారి పాసై, యాభై దాటాక మళ్లీ బాయిలర్ గదిలో అడుగుపెట్టారు. ఆ రోజు ఇంటికి వచ్చి చేతులు వాసన చూసుకున్నారని అన్నపూర్ణ గారు నాతో చెప్పారు. ఆ చేతులకు మళ్లీ నూనె వాసన వచ్చిందట. అది 2012.

ఆయన చేరిన ఏడేళ్లకు కాలేజీ ఒక కాంట్రాక్టు మీద సంతకం చేసింది. ఇక్కడ ప్రభుత్వ భవనాలకు అలాంటి కాంట్రాక్టులు మామూలే. కాలేజీ ముందుగా ఏమీ పెట్టక్కర్లేదు. ఒక సంస్థ వచ్చి పాత బాయిలర్లు తీసి కొత్తవి పెడుతుంది, కిటికీలు మారుస్తుంది, గదిగదికీ సెన్సార్లు బిగిస్తుంది. దానివల్ల గ్యాసులో, కరెంటులో ఎంత ఆదా అయిందో దాంట్లోంచి పదిహేనేళ్లపాటు తన సొమ్ము తీసుకుంటుంది. ఆదా ఎంతో తేలాలంటే ముందు ఎంత వాడేవారో తెలియాలి. దానికి 2018వ సంవత్సరాన్ని బేస్‌లైన్‌గా పెట్టుకున్నారు.

2018లో పాత వింగ్ మధ్యాహ్నానికే ఖాళీ అయిపోయేది. మేము అప్పటికి రాలేదు.

మా క్లాసులు రెండింటికి అయిపోయేవి. మాలో చాలామందికి మిల్టన్ దగ్గర ఒక గోడౌన్‌లో రాత్రి షిఫ్టు. అక్కడికి తీసుకెళ్లే వ్యాను ఏడున్నరకు కాలేజీ గేటు దగ్గరికి వచ్చేది. ఇల్లు రెండు బస్సుల దూరం. వెళ్లి రావడం కుదరదు, వెళ్లినా అక్కడ చలి. లైబ్రరీలో కుర్చీ దొరకదు. పాత వింగ్‌లో నూట పదిహేనో గది ఖాళీగా ఉందని రిషిత కనిపెట్టింది. రిషితది జమ్మికుంట. మాలో ముందు మాట్లాడేది, ముందు నవ్వేది ఆ అమ్మాయే.

గదిలో కింద కార్పెట్ ఉండేది. బయట బురద మంచు. ఎవరూ చెప్పకుండానే బూట్లు తలుపు బయట విప్పేవాళ్లం. ఎవరో అట్టపెట్టెలు చింపి నడవాలో పరిచారు. ఒక్కోరోజు ఇరవై జతలు, ఇరవై అయిదు. లోపల తడి సాక్సుల వాసన, ఎవరో వేడి చేసుకొచ్చిన చింతపండు పులిహోర వాసన. ఒకరు ఇమ్మిగ్రేషన్ పరీక్షకు ఇంగ్లిషు పేరాలు పైకి చదివేవారు. ఒకరు ఆ పేరాలకే నిద్రపోయేవారు.

తలుపుకు పైన, లోపలివైపు గోడ మీద రూపాయి బిళ్లంత కన్ను ఒకటి ఉండేది. మనిషి కదిలితే అందులో ఎర్రగా ఒక చుక్క వెలిగి ఆరేది.

“అది కెమెరా,” అన్నాడు ప్రజ్వల్. వాడిది కదిరి. మాలో అందరికన్నా పొడుగు. “క్లాసు ల్యాక రూములో కూర్చున్యారని రిపోర్ట్ పోతాది. కాలేజీ వాళ్లు పిలిపిస్తారు.”

స్టూడెంట్ పర్మిట్ మీద ఉన్నవాళ్లకు రిపోర్ట్ అన్న మాట చాలు. గదిలో అందరూ ఆ కన్ను వైపు చూశారు.

రిషిత బ్యాగులోంచి స్టిక్కర్ బొట్ల షీటు తీసింది. “కుర్చీ ఎక్కు,” అంది వాడితో.

మెరూన్ రంగు పెద్ద బొట్టు నడిమధ్యలో. చుట్టూ చిన్నవి అయిదో ఆరో. ఆ తర్వాత చుక్క వెలగలేదు. మాకు ధైర్యం వచ్చింది.

అది కెమెరా కాదు. మధ్యాహ్నం రెండు దాకా ఆ వింగ్‌కు టైమ్‌టేబుల్ ప్రకారం వేడి వచ్చేది. రెండు దాటాక, ఏ గదిలో మనిషి ఉన్నాడని ఆ కన్ను చెబితే ఆ గదికే వచ్చేది. చెప్పకపోతే గది పద్నాలుగు డిగ్రీలకు దిగిపోతుంది. ఇదంతా మాకు తెలియదు. బొట్టు పెట్టిన మర్నాటి నుంచి గది చల్లబడింది. డిసెంబరు కదా అనుకున్నాం. కోట్లు వేసుకుని కూర్చున్నాం.

నాలుగో రోజో అయిదో రోజో, నాలుగు గంటల రౌండ్‌లో వీరభద్రం గారు వచ్చారు. నడవాలో బూట్లు చూసి ఆగి, తలుపు తీశారు. మేమంతా లేచి నిలబడ్డాం.

“కూర్చోండి, కూర్చోండి. నేను సార్‌ను గాదు.”

“అంకుల్, తెలుగా!” అంది రిషిత.

“పాల్వంచ. చలి పెడ్తలేదా మీకు?”

“పెడతాంది అంకుల్,” అన్నాడు ప్రజ్వల్. “అయినా మా బేస్‌మెంట్ కంటే మేలు.”

“ఎంతల పెడ్తడు మీ ఓనరు?”

“పదమూడు డిగ్రీలు. ఎక్కువ కావాలంటే డ్యాన్స్ చెయ్యమంటాడు.”

ఆయన నవ్వలేదు. లోపలికి రెండడుగులు వేసి, కిటికీ కింద ఉన్న రేడియేటర్ మీద అరచేతి వెనకవైపు ఆనించారు. అలా కాసేపు ఉంచి, తీసి, వెళ్లిపోయారు. తలుపు మెల్లిగా వేశారు. అరగంటకు గొట్టాలు టిక్కు టిక్కుమన్నాయి. ఒకరి తర్వాత ఒకరం కోట్లు విప్పాం.

ఆయన చేసింది చిన్న పని. బాయిలర్ గదిలో ప్యానెల్ ఉంటుంది. అందులో నూట పదిహేనును ఆటో నుంచి తీసి మాన్యువల్‌లో పెట్టారు, ఇరవై ఒక్క డిగ్రీలకు. ఏడున్నరకు మేము వెళ్లాక మళ్లీ ఆటోలో పెట్టారు. కాంట్రాక్టు ప్రకారం ఆపరేటర్ అలా చెయ్యకూడదు. సెన్సార్ చెప్పిందే చెల్లాలి. ఆయన చేసి, చేసినట్టు లాగ్‌బుక్‌లో రాశారు. మర్నాడూ చేశారు.

మళ్లీ తలుపు తియ్యలేదు. నడవాలో ఒక నిమిషం ఆగి వెళ్లేవారు. ఆ అడుగులు మాకు తెలిసేవి, రెండు గంటలకోసారి.

ప్రజ్వల్ జనవరి దాకా గుడ్డ బూట్లతోనే తిరిగాడు. ఒక సాయంత్రం వ్యానుకు బయల్దేరుతూ చూస్తే, వాడి బూట్ల పక్కన పాతవి, మందపువి, మంచు బూట్లు ఒక జత ఉన్నాయి. లోపల ఉన్ని సాక్సులు మడిచి పెట్టి ఉన్నాయి. ఎవరివని అడిగితే ఎవరూ మావి కాదన్నారు. వాడు రెండు రోజులు వాటిని ముట్టుకోలేదు. మూడో రోజు వేసుకున్నాడు. కొంచెం బిగుతు.

ఇలా ఒక చలికాలం గడిచింది. రెండోది సగం గడిచింది.

2023 ఫిబ్రవరిలో సంస్థ లెక్క తేల్చింది. పాత వింగ్‌లో అనుకున్నంత ఆదా కాలేదు. ఎందుకో చూడటానికి వాసవి గారిని పంపింది. ఆదా ఎంతో కొలిచి రాసే ఇంజనీరు ఆవిడ. తెనాలిలో పుట్టి, డాలస్‌లో ఎనిమిదేళ్లు ఉద్యోగం చేసి, మిల్టన్ వచ్చి స్థిరపడ్డారు.

గురువారం మధ్యాహ్నం ఫెసిలిటీస్ మేనేజర్ గ్లెన్ నలుగురు ఆపరేటర్లనీ కూర్చోబెట్టాడు. వాసవి గారు గోడ మీద గ్రాఫ్ వేసి చూపించారు. నూట పదిహేనులో మధ్యాహ్నం రెండు తర్వాత ఒక్క మనిషి కూడా లేడు, రెండు చలికాలాలు. అయినా గది వెచ్చగా ఉంది. ఎవరో మాన్యువల్‌లో పెడుతున్నారు. ఎవరు? ఆ వేళకు డ్యూటీలో ఒక్కరే ఉండరు, నలుగురిదీ ప్యానెల్‌కు ఒకటే లాగిన్. నలుగురూ నేల చూశారు.

ఆవిడ సలహా ఒక్క వాక్యం. ప్యానెల్‌కు తాళం వెయ్యాలి, వచ్చే నెల నుంచి పాత వింగ్‌ను మధ్యాహ్నం రెండింటికే మూసెయ్యాలి. గ్లెన్ సరే అన్నాడు.

మీటింగ్ అయ్యాక ఆవిడ నడవాలో ఫోన్ మాట్లాడి పెట్టేసే దాకా వీరభద్రం గారు దూరంగా నిలబడ్డారు. చంకలో నాలుగు లాగ్‌బుక్కులు.

“అమ్మా, తెలుగేనా?”

“అవునండి. పేరు చూసి కనిపెట్టారా?”

“లేదు. పిల్లకు పెరుగన్నం తినమని చెప్తున్రు గదా.”

“చెప్తే తింటుందా? నో అంటుంది. ఒక్క ముక్కలో.” ఆవిడ నవ్వారు. “చెప్పండి అంకుల్.”

“ఆ మాన్యువల్‌లో పెట్టేది నేనే.”

ఆవిడ అటూ ఇటూ చూశారు. “నాకెందుకు చెప్తున్నారండి? నేను కంపెనీ మనిషిని.”

“మీరే గదా రాసేది.”

“రాయడానికి ఏముంది? గదిలో ఎవరూ లేరు. రెండేళ్ల డేటా. దెయ్యాలకు హీటింగ్ పెట్టారా?”

“దెయ్యాలకు బూట్లెందుకమ్మా?”

ఆయన ఒక పుస్తకం తెరిచి చూపించారు. తేదీ, టైము, గది నంబరు, గదిలో డిగ్రీలు. ఆ పక్కన 23 పి.ఆర్. అని ఇంగ్లిషు అక్షరాల్లో. ఆ పక్కన మాన్యువల్ అని. కింద సంతకం.

“ఇరవై మూడు పీఆర్‌లా? మా ఆఫీసు మొత్తానికే అన్ని పర్మనెంట్ రెసిడెన్సీలు రాలేదు.”

“పెయిర్స్ అమ్మా. జతలు. తలుపు బయట ఇడుస్తరు.”

“మనుషుల్ని లెక్కపెట్టొచ్చు కదా?”

“తలుపు తీస్తే అందరు లేచి నిలబడ్తరు. చదువుకునేటోళ్లను రెండు గంటలకోసారి లేపుడెందుకని.”

ఆవిడ వాచీ చూసుకున్నారు. అయిదు కావస్తోంది. “పదండి,” అన్నారు.

తలుపు దగ్గర ఆవిడ కూడా బూట్లు విప్పారు. ఎవరూ అడగలేదు. అట్టముక్క మీద మా బూట్ల పక్కన తనవి సర్ది, లోపలికి వచ్చారు. మేము లేచి నిలబడ్డాం. ఆయన గుమ్మం బయటే ఆగిపోయారు. ఆవిడ గది మధ్యకు వచ్చి, సెన్సార్ ఎక్కడా అని గోడలు చూస్తూ, వెనక్కి తిరిగి తలుపు పైన చూశారు.

చాలాసేపు చూశారు.

“ఇదెవరి పని?”

ప్రజ్వల్ గొంతు సవరించుకున్నాడు. “దిష్టి తగలకుండా మేడం.”

“కెమెరా అనుకున్నాం మేడం,” అంది రిషిత.

“కెమెరా కాదు తల్లీ. మీరున్నారని చూసి మీకు హీటర్ వేసేది. మీరే దాని కన్ను మూసి, మీరే చలి చలి అంటున్నారు!”

అందరం రిషిత వైపు చూశాం.

“నన్ను చూస్తారేంది? కుర్చీ ఎక్కింది వాడు.”

గదిలో నవ్వు లేచింది. వాసవి గారు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు. గుమ్మం బయట ఆయన మాత్రం ఒక అడుగు లోపలికి వేసి, తల ఎత్తి, ఆ బొట్టును చూశారు. రెండు చలికాలాలు దాని కిందే నిలబడి వెళ్లారు. నవ్వబోయి ఆగారు.

“సెన్సార్ పాడైందనుకున్న,” అన్నారు.

“మరి రిపేర్‌కు రాయలేదే?”

“రాస్తే టెక్నీషియన్ వస్తడు. వస్తే వీళ్లెవరని అడుగుతడు.”

మేమూ ఆయనా ఒకే దానికి భయపడ్డామని అప్పుడు తెలిసింది. ప్రజ్వల్ కుర్చీ ఎక్కి బొట్లు ఒక్కొక్కటే గోటితో తీశాడు. ఎర్ర చుక్క వెలిగింది.

వాసవి గారు ఆయనను నడవాలో కిటికీ దగ్గరికి తీసుకెళ్లారు. తలుపు పూర్తిగా పడలేదు. దగ్గర కూర్చున్న మాకు వినిపించింది.

“అంకుల్, నేను ఒకటి చెప్తాను, జాగ్రత్తగా వినండి. సెన్సార్ మూసుకుపోయిందని రాయగలను. లోపల మనుషులున్నారని రాయలేను. ఇవాళ చూసింది ఇవాళ్టికే. రెండేళ్లకు రికార్డు కావాలి. అది ఉంటే, స్టూడెంట్లు పెరిగారు, గది వాడకం మారింది అని బేస్‌లైన్ మార్చొచ్చు. అప్పుడు వింగ్ మూయక్కర్లేదు.”

“రికార్డు ఉన్నది గదా.”

“ఉంది. ప్రతి లైన్లో జతల పక్కనే మాన్యువల్ అని కూడా ఉంది. మీ సంతకం ఉంది. ఒకటి ఇచ్చి ఇంకోటి దాచలేం.”

ఆయన చంకలో పుస్తకాలు సర్దుకున్నారు.

“అది ఎవరు చేశారో ఇప్పటికి గ్లెన్‌కు తెలీదు. లాగ్‌బుక్కులు ఎవరూ చదవరు. ఇవి నాకు ఇవ్వకపోతే మీకేం కాదు. గది మూస్తారు, అంతే. ఇస్తే గది ఉంటుంది. మీ సంగతి నేను చెప్పలేను. ఇంకెన్నేళ్లుంది రిటైర్‌మెంట్?”

“మూడు.”

“సోమవారం దాకా రిపోర్టు ఆపుతాను. ఆలోచించుకోండి. నేనైతే...” ఆవిడ వంగి బూట్లు వేసుకున్నారు.

ఆ సాయంత్రం గదిలో ఎవరూ పేరాలు చదవలేదు. ఏడున్నరకు బయటికి వస్తూ బాయిలర్ గది వైపు చూశాం. తలుపు వేసి ఉంది. వెళ్లి ఏమని చెప్పాలో మాకు తెలియలేదు. ఇవ్వమని అడగలేం. వద్దని అనలేం. వ్యాను హారన్ కొట్టింది.

ఆదివారం పొద్దున అన్నపూర్ణ గారు గోంగూర ఒలుస్తుంటే ఆయన వచ్చి ఎదురుగా కూర్చుని ఒలవడం మొదలుపెట్టారట. ఎప్పుడూ చెయ్యని పని. ఆవిడ కాసేపు చూసి, “ఏమైంది?” అన్నారు. ఆయన చెప్పారు.

“ఉద్యోగం పోతదా?”

“పోకపోవచ్చు. వార్నింగ్ కాయితం ఇస్తరు. సాయంత్రం షిఫ్టు తీసేస్తరు.”

“తీసేస్తే తియ్యనియ్యి. ఇంటికొస్తరు.”

ఆయన ఆకులు ఒలుస్తూనే ఉన్నారు.

“వాళ్లతోని మాట్లాడరు. లోపలికి పోరు. ఒక్కని పేరన్న తెలుసా మీకు?”

“బూట్లు తెలుసు.” ఆయన చెప్పుకుంటూ పోయారట. ఒకమ్మాయివి గులాబి రంగువి, ఎడమదానికి జిప్పు పాడైంది. ఒకనివి ఎప్పుడూ ఒకదాని మీద ఒకటి పడి ఉంటయి, తొందర మనిషి. ఒకామె తడవకుండ ప్లాస్టిక్ కవర్ల పెడ్తది. మంగళవారం రెండు జతలు తగ్గుతయి, వాళ్లకేదో పని ఉన్నట్టుంది. “నువ్విచ్చిన పాత జత ఉన్నది జూడు. అది ఏసుకుంటున్నడు. మడిమె దగ్గర అరిగింది.”

“అట్లయితే ఇంక ఆలోచన దేనికి?” అన్నారు ఆవిడ. “కాడలు గూడ వేస్తున్రు అందుల, చూసి వెయ్యుండ్రి.”

సోమవారం రెండింటికి ఆయన షిఫ్టుకు వస్తూనే నాలుగు పుస్తకాలూ గ్లెన్ టేబుల్ మీద పెట్టారు. వాసవి గారు అక్కడే ఉన్నారు. ఆ తర్వాత జరిగింది ఆవిడే చాలా కాలానికి మిల్టన్‌లో ఒకరి ఇంట్లో భోజనాల దగ్గర చెప్పారు. గ్లెన్ ఒక్కో పేజీ తిప్పాడు. తొందరపడలేదు. మధ్యలో ఒకసారి, ఇంత మంచి లాగ్ తన సర్వీసులో చూడలేదన్నాడు. చివరి పేజీ మూసి, నీ మీద రాయక తప్పదన్నాడు. రెండు చలికాలాల్లో నూట యాభై రెండు సార్లు. ఆయన ఆ అంకె విని తల ఊపారట. సరిపోయిందన్నట్టు.

“ప్రతి పుస్తకం మీదా, ఇందులో రాసింది నిజమని మళ్లీ సంతకం చెయ్యాలి,” అన్నారు వాసవి గారు తెలుగులో. “చెయ్యకపోయినా ఫరవాలేదు అంకుల్. ఇప్పటికీ వెనక్కి తీసుకోవచ్చు.”

“పెన్ను నా దగ్గర ఉన్నది,” అన్నారు ఆయన.

రెండు ఉత్తరాలు తయారయ్యాయి. ఒకటి కాంట్రాక్టు ఫైలుకు వెళ్లింది. పాత వింగ్‌లో వాడకం 2018 నాటిది కాదు, విద్యార్థులు పెరిగారు, రెండు నుంచి ఏడున్నర దాకా గదులు వాడుకలో ఉన్నాయి, బేస్‌లైన్ సవరించాలి అని. ఇంకొకటి ఆయన ఫైలుకు వెళ్లింది. ఆపరేటర్లకు వేరువేరు పాస్‌వర్డులు ఇచ్చారు. ఆయనను రోడ్డుకు అవతల వర్క్‌షాపుల భవనానికి మార్చారు. పొద్దున ఆరు నుంచి రెండు దాకా. అక్కడ క్లాసులు లేవు, విద్యార్థులు లేరు. రెండు పంపులు, ఒక చిన్న బాయిలర్.

మాకు ఆ సంగతి తెలిసింది మరో వారానికి. నాలుగు గంటలకు అడుగులు వినిపించలేదు. ఆరింటికీ లేవు. రిషిత లేచి తలుపు తీసి చూసింది. నడవా ఖాళీ.

గది వెచ్చగానే ఉంది. కాసేపు ఎవరూ కదలకపోతే చుక్క ఆరిపోయేది, ఎవరో ఒకరు చెయ్యి ఎత్తి ఊపేవారు. “ఏయ్, నీ డ్యూటీ,” అని ప్రజ్వల్ వంతులు వేశాడు. నిద్రపోయేవాడి చేతిని పక్కవాడు పట్టుకుని ఊపేవాడు. ఆ చలికాలం మిగిలిన రోజుల్లో గది ఒక్కసారి కూడా చల్లబడలేదు.

ఒకరోజు క్లాసు అయ్యాక ఆరుగురం రోడ్డు దాటి వర్క్‌షాపుల భవనానికి వెళ్లాం. రెండూ పది అయింది. ఆయన వెళ్లిపోయారని అక్కడి మనిషి చెప్పాడు. మా క్లాసు రెండింటికి అవుతుంది, ఆయన షిఫ్టు రెండింటికి అవుతుంది. ఇంకోసారి వెళ్లాం, అప్పుడూ అంతే. ఏప్రిల్‌లో పరీక్షలు వచ్చాయి. తర్వాత ఒక్కొక్కరం ఒక్కో ఊరు వెళ్లిపోయాం. ప్రజ్వల్ కాల్గరీలో ఉన్నాడు. రిషితకు బ్రాంప్టన్‌లో ఉద్యోగం, మొన్ననే కారు కొన్నది.

అన్నపూర్ణ గారిని నేను కలిసింది 2025 చివర్లో. ఆయన రిటైరై కొద్ది రోజులే అయింది. ఆ మధ్యాహ్నం ఆయన బజారుకు వెళ్లారు. ఆవిడ టీ పెట్టి, నూట పదిహేనో గది గురించి తనకు తెలిసిందంతా చెప్పారు. నాకు తెలిసింది నేను చెప్పాను. చివరికి, షిఫ్టు మారిన మొదటి రోజు సంగతి చెప్పారు.

ఆ రోజు ఆయన రెండున్నరకే ఇంటికి వచ్చారు. అన్నం తిన్నారు. కాసేపు పడుకున్నారు. నాలుగింటికి ఎవరో పిలిచినట్టు లేచి కిటికీ దగ్గర నిలబడ్డారు. అయిదయింది. బయట ఇంకా వెలుతురు ఉంది. మంచు నీలంగా అవుతోంది. అయిదున్నర అయింది. ఆవిడ పక్కన కుర్చీలో కూర్చుని స్వెటర్‌కు గుండీలు కుడుతున్నారు.

“ఏం చూస్తున్నరు?”

“ఏం లేదు. సాయంత్రం ఇంత పొడుగుంటదని తెల్వదు.”

ఆవిడ దారం కొరికి తెంపారు.

“పదకొండేళ్ల సంది నేనొక్కదాన్నే చూస్తున్న,” అన్నారు.

ఆయన కిటికీ దగ్గర నుంచి కదిలారట. తర్వాత ఇంకో కుర్చీ తెచ్చుకుని ఆవిడ పక్కన వేసుకున్నారు. గుండీల డబ్బా తన ఒళ్లో పెట్టుకున్నారు. పూర్తిగా చీకటి పడే దాకా ఇద్దరూ లైటు వెయ్యలేదు.